తాడుకి ఇవతల

అక్టోబరు 6, సోమవారం

పోయిన మంగళవారం పొద్దున ఏమీ జరగలేదు. అందుకే ఆ పొద్దును రాసి పెట్టుకోవాలనిపిస్తోంది.

తెల్లవారకముందే లేచాను. ప్రార్థన చేసుకున్నాను. నాన్నను లేపి, వీపు వెనక రెండు దిళ్లు పెట్టి, టీ సాసరులో పోసి ఇచ్చాను. యూనివర్సిటీ బాయిలర్ హౌసులో పనిచేసినన్నాళ్లూ ఆయన సాసరుతోనే తాగేవారు, తొందరగా చల్లారుతుందని. ఇప్పుడు తొందర లేదు, అలవాటు మిగిలింది. ఒక గుక్క తాగి, "ఏంటి పెద్దమ్మాయ్, పంచదార కూడా సమ్మెలో ఉందా?" అన్నారు. చెంచాడు వేశాను. దగ్గు వచ్చింది. తగ్గింది.

నడిచి వెళ్లాను. గేటులో వాచ్‌మన్ ఎప్పటిలాగే గోడవైపు తిరిగి పళ్లు తోముకుంటున్నాడు. అనాటమీ హాలు తాళం తీశాను. ఈ హాలుకి తాళంచెవులు రెండు. ఒకటి నా దగ్గర, ఒకటి పాఠం చెప్పే మేడం దగ్గర. పై కిటికీలు తెరిచి, ఫ్యాను వేసి, వాసన కాస్త విరిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. తర్వాత ఏప్రాన్, చేతులకి తొడుగులు.

పోయాక తమ ఒళ్లు చదువుకి పనికి రావాలని రాసిచ్చినవాళ్లు ఆ బల్లల మీద ఉంటారు. వాళ్ల పేర్లు మాకు చెప్పరు, చెప్పకూడదు. అందుకని నేను వరసలు పెట్టుకున్నాను. మొదటి బల్ల తాతయ్య. రెండోది బాబాయి. మూడోది పెద్దమ్మ. కిటికీ పక్కన నాలుగోది అత్తయ్య. పైన ప్లాస్టిక్ దుప్పటి తీసి కింద తడిగుడ్డ తాకి చూస్తాను. ముందుగా ఆరేవి చివర్లు. చెవులు, ముక్కు, వేళ్లు. అక్కడ మందు నీళ్లు చల్లి, గుడ్డ తిరగేసి కప్పాలి. అత్తయ్యకి కాలివేళ్లు అందరికంటే ముందు ఆరతాయి. బతికి ఉండగా ఎంత నడిచిందో పాపం. ఒక్కొక్కరి దగ్గరా ఒక్క మాట ప్రార్థన చేసి తర్వాతి బల్లకి వెళతాను.

కొత్త పిల్లలు వచ్చారు. మేడం వాళ్లను కాసేపు మాట్లాడకుండా నిలబెట్టింది. ఒకమ్మాయి పాలిపోయింది. కిటికీ దగ్గర కూర్చోబెట్టి నీళ్లిచ్చాను.

"మీకు భయం వెయ్యదా ఆంటీ?"

"వీళ్లు ఎవర్నీ ఏమీ అనరమ్మా."

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నాన్న ఎప్పుడూ అడిగేదే అడిగారు.

"మీవాళ్లంతా కులాసానా?"

"కులాసానే."

"నా బల్ల ఖాళీగానే ఉంచావు కదా?"

"నాన్నా."

"అది కాదే. అరవయ్యో ఏట రిటైర్ చేసి పంపించేశారు. మళ్లీ ఉద్యోగం ఇస్తామంటే చేదా? జీతం లేదనే గానీ, పడుకునే పని."

అమ్మ పోయిన ఏడాదే ఆయన తన ఒళ్లు హాలుకి రాసిచ్చేశారు. నా దగ్గర మాట తీసుకున్నారు కూడా. "నువ్వే చెయ్యాలి. ఇంకొకరి చేతిలో పెట్టకు." సరే అన్నాను.

ఆ పొద్దు అంతే.

ఈ రోజు నోటీసు అంటించారు. ఉద్యోగాల కోత. మొత్తం ఎన్నో విభాగాలు. హాలు మూసేస్తారట. ఇక మీదట తెరల మీద బొమ్మల్లో శరీరం చూపిస్తారట. నా పేరు ఉంది.

నాన్నకు చెప్పలేదు. ఆయన బాగానే ఉన్నారు.

అక్టోబరు 7, మంగళవారం

నాన్నకు నిన్నే తెలిసిందట. తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడట.

తమ్ముడూ మరదలూ వచ్చారు. తమ్ముడు యూనివర్సిటీలో ఎలక్ట్రీషియన్, యూనియన్ సెక్రటరీ. నాన్న మొదలుపెట్టిన యూనియనే. "క్యాంపస్ అంతా వెలిగిస్తాడు, మా వంటింట్లో బల్బు పోయి నెలయింది" అని మరదలు వచ్చినప్పుడల్లా అంటుంది. ఈ రోజు అనలేదు.

సమ్మె తప్పదని తమ్ముడు చెప్పాడు. నోటీసులో ఇంకో మాట ఉంది. కొత్త షరతులకి ఒప్పుకుని సంతకం పెట్టినవాళ్లకి ఏదో ఒక పని చూపిస్తారు, పర్మినెంటు కాదు. మా ఇంట్లో ఏ సంగతైనా చేతులెత్తి తేల్చుకుంటాము. నాన్న పెట్టిన పద్ధతి. చిన్నవాళ్లు ముందు ఎత్తాలి, పెద్దదాన్ని నేను చివర, నన్ను చూసి ఎవరూ ఎత్తకూడదని. కావాలన్నా ఎత్తాలి, వద్దన్నా ఎత్తాలి. ఊరికే కూర్చుంటే ఒప్పుకోరు. సమానంగా వస్తే ఏదీ మారదు, ఉన్నది ఉన్నట్టే. ముందుగది గోడ రంగు దగ్గర ఒకసారి అటు ఇద్దరు, ఇటు ఇద్దరు అయ్యారు. ఆ గోడకి ఇప్పటికీ సున్నమే.

నేను సంతకం పెట్టకూడదని అందరూ ఎత్తారు. నాన్న మంచంలోంచి ఎత్తారు. నేనూ ఎత్తాను.

చెల్లి రాలేదు. రిజిస్ట్రారు ఆఫీసులో టైపిస్టు. ఆ ఆఫీసువాళ్లకి యూనియన్‌లో చేరే వీలు లేదు. పని ఎక్కువై ఉంటుంది.

అక్టోబరు 9, గురువారం

మీటింగు. క్యాంటీన్ హాలు నిండి మెట్ల మీద కూడా కూర్చున్నారు.

సమ్మె రోజుల్లో ఎవరెవరు లోపలికి వెళ్లవచ్చో ఒక ఒప్పందం రాశారు. రిజిస్ట్రారుతో దాని మీద సంతకాలు అవుతాయి. హాస్టల్ వంటశాల, రోగుల గది, బాయిలర్, ఎలుకలూ కుందేళ్లూ ఉండే గది, చేపల తొట్లు, గాజు ఇంట్లో మొక్కలు. ప్రాణం ఉన్న దేన్నీ సమ్మె బాధపెట్టకూడదు అని తమ్ముడు చదివాడు. చప్పట్లు కొట్టారు. "బొద్దింకలకి కూడా మినహాయింపు ఇవ్వండి, హాస్టల్లో అవే పర్మినెంటు" అని వెనక నుంచి ఎవరో అరిచారు. నవ్వారు.

ప్రాణం లేనివాళ్లు ఎవరికీ గుర్తు రాలేదు.

నాకు వచ్చారు. చెయ్యి ఎత్తుదామనుకున్నాను. అప్పటికే నవ్వుతున్నారు. సమ్మె రెండు మూడు రోజుల్లో అయిపోతుందని అనుకున్నాను.

అక్టోబరు 11, శనివారం

తాతయ్యనీ బాబాయినీ పెద్దమ్మనీ తొట్లలోకి దించాము. మందులో ఉంటే నెలలైనా ఏమీ కాదు. అత్తయ్యను బల్ల మీదే ఉంచమని మేడం చెప్పింది. మంగళవారం పరీక్ష ఉందట, రిజిస్ట్రారు ఇంకా రద్దు చెయ్యలేదట. మేడం కూడా మాతోపాటు సమ్మెలోకే వస్తోంది. అయినా పరీక్ష పరీక్షే అంది.

గుడ్డలు రెండింతలు తడిపి చుట్టాను. కాలివేళ్లకు వేరేగా చుట్టాను.

తాళంచెవి ఇంట్లో ప్రార్థన చేసుకునే అరలో పెట్టాను.

అక్టోబరు 13, సోమవారం

తాడు కట్టారు.

నాన్న మొదటి సమ్మె చేసిన రోజున గేటుకి గొలుసు కూడా లేదట. బాయిలర్ హౌసులో బొగ్గు గంపలు లాగే తాడు తెచ్చి, నడుము ఎత్తున, ఈ స్తంభానికీ ఆ స్తంభానికీ కట్టారు. అప్పటి నుంచి ప్రతి సమ్మెకీ అదే తాడు. ఒప్పందంలో ఉన్నవాళ్లు వచ్చినప్పుడు యూనియన్ మనిషి దాన్ని ఎత్తి పట్టుకుంటాడు. వాళ్లు నిటారుగా వెళతారు. మిగిలినవాళ్లు ఎవరైనా వెళ్లాలంటే వంగి వెళ్లాలి. వంగినవాళ్లతో ఇక ఎవరూ మాట్లాడరు, రిటైరయ్యేదాకా. మా మేనమామ ఒకసారి వంగాడు. అమ్మకి సొంత తమ్ముడు. నాన్న మళ్లీ ఆయనతో మాట్లాడలేదు. ఆయన పోయినప్పుడు అమ్మ ఒక్కతే వెళ్లి వచ్చింది. వచ్చి వంట చేసింది.

గేటు పక్కన వేసిన టెంటులో అందరమూ కూర్చున్నాము. తమ్ముడు మైకులో మాట్లాడాడు. బాగా మాట్లాడాడు.

సాయంత్రం నాన్న అడిగారు. "ముడి వాడే వేశాడా?"

"వాడే."

"లాగి చూశావా?"

"చూశాను." చూడలేదు.

"మీవాళ్లంతా కులాసానా?"

"కులాసానే."

అక్టోబరు 14, మంగళవారం

పరీక్ష రద్దు చేశారు. పొద్దున పదింటికి చెప్పారు.

అత్తయ్య బల్ల మీదే ఉంది.

అక్టోబరు 16, గురువారం

తమ్ముడితో చెప్పాను. ఒక్క అరగంట, ఆమెను తొట్టిలోకి దించి వస్తాను అని. సమ్మె కమిటీ ఒప్పుకుంది. తాడు ఎత్తుతామన్నారు. మేడం ఫోన్‌లో రిజిస్ట్రారును అడిగింది.

ఆయన కుదరదన్నారు. ఆ హాలు ఒప్పందంలో లేదు కదా అన్నారు. డ్యూటీలో లేని మనిషి హాలులో అడుగు పెట్టకూడదు. డ్యూటీలో చేరాలంటే కొత్త షరతుల మీద సంతకం పెట్టి రావాలి. లేకపోతే తాళంచెవి ఆఫీసులో ఇచ్చెయ్యండి, మేమే ఎవరినైనా పంపుతాము అన్నారు.

"ఎవరిని పంపుతారట?" అని అడిగాను.

"కాంట్రాక్టు కంపెనీవాళ్లని. సామాన్లు మోసేవాళ్లు" అన్నాడు తమ్ముడు. గొంతు పోయింది వాడికి. సగం సైగలతోనే మాట్లాడుతున్నాడు.

తాళంచెవి ఇవ్వలేదు. మేడమూ తనది ఇవ్వలేదు.

నాన్న బాగానే ఉన్నారు. రెండు చెంచాల జావ తాగారు.

అక్టోబరు 18, శనివారం

చెల్లి వచ్చింది. ఆఫీసువాళ్లు వెనక గేటు నుంచి వెళతారు. అక్కడ తాడు లేదు. అయినా తమ్ముడు దానితో మాట్లాడటం లేదు. నోటీసు టైపు చేసింది అదే కదా. ముందే తెలిసి చెప్పలేదని వాడి కోపం. చెబితే దాని ఉద్యోగం పోతుంది. అదీ వాడికి తెలుసు.

ఒకే గదిలో చెరో గోడ దగ్గర కూర్చున్నారు.

"మీ అన్నయ్య మంచినీళ్లు కావాలంటున్నాడు, ఇవ్వవే" అన్నారు నాన్న.

"నేనేం అడగలేదు" అన్నాడు తమ్ముడు, గోడతో.

"వాడికి గొంతు లేదు నాన్నా, ఎలా అడుగుతాడు?" అంది చెల్లి.

నాన్న నవ్వబోయారు. నవ్వు దగ్గయింది. దగ్గు చాలాసేపు ఆగలేదు. అప్పుడు ఇద్దరూ మంచం దగ్గరికి వచ్చారు. చెరో భుజం పట్టుకున్నారు. దగ్గు ఆగాక మళ్లీ గోడల దగ్గరికి వెళ్లిపోయారు.

"ఆఫీసువాళ్లకి తాడు లేదురా" అన్నారు నాన్న వాడితో, ఊపిరి తీసుకుంటూ. "నేను కట్టలేదు. నువ్వు కట్టకు."

వాడు చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. పనుల ఒత్తిడి. అంతే అయి ఉంటుంది.

అక్టోబరు 20, సోమవారం

లైబ్రరీవాళ్లు ముగ్గురు వంగి వెళ్లారు. టెంటులో ఎవరూ కేకలు వెయ్యలేదు. తల తిప్పుకున్నారు, అంతే. కేకలు వేస్తే బాగుండేది.

అక్టోబరు 21, మంగళవారం

డాక్టరు వచ్చి వెళ్లాడు. బొగ్గు పొడి ఇన్నేళ్ల తర్వాత కూడా ఊపిరితిత్తుల్లో ఉంటుందట. ఆస్పత్రికి వద్దని నాన్నే అన్నారు. చలికాలం దాటితే కాస్త తేలికవుతుందని నేను అన్నాను. డాక్టరు నన్ను చూశాడు. ఏమీ అనలేదు. అంటే అవునన్నట్టే.

అక్టోబరు 22, బుధవారం

ప్రార్థనలో మనసు నిలవలేదు. అత్తయ్య కాలివేళ్లే కనిపించాయి.

అక్టోబరు 24, శుక్రవారం

తోటమాలులు వెళ్లారు. ప్రింటింగు సెక్షన్ సగం వెళ్లింది. ఒకాయన వంగినప్పుడు మోకాలు పట్టేసి తాడు కింద ఆగిపోయాడు. పెద్దాయన. లేవలేకపోయాడు, ముందుకీ పోలేడు. ఎవరూ కదల్లేదు. చివరికి తమ్ముడే వెళ్లి చంకల కింద చేతులు వేసి నిలబెట్టాడు. అవతలి వైపే నిలబెట్టాడు, ఆయన వెళ్లాలనుకున్న వైపు. ఒక్క మాట కూడా మాట్లాడలేదు. తిరిగి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"అక్కా, ఇంక ఎన్నాళ్లు ఆపగలనంటావు?"

"దేవుడున్నాడు."

"ఆయన్ని కూడా కోతలో తీసేశారేమో కనుక్కో."

అలా అనకూడదని చెప్పాను. తర్వాత నాకూ నవ్వు వచ్చింది. ఇద్దరమూ నవ్వాము. టెంటులో వాళ్లు మమ్మల్ని వింతగా చూశారు.

మరదలు డబ్బాలో అన్నం తెచ్చింది. తినలేదు వాడు.

అక్టోబరు 26, ఆదివారం

నాన్న బాగానే ఉన్నారు. టీ వద్దన్నారు. సాసరు మాత్రం చేతిలో పట్టుకుని కూర్చున్నారు.

"అమ్మడూ" అన్నారు. చిన్నప్పుడు అలా పిలిచేవారు.

"చెప్పండి నాన్నా."

"హాలుకి తాడు అడ్డం కదా."

"మీకేం తొందర. సమ్మె అయిపోతుంది."

ఆయన కిటికీలోంచి చూశారు. చాలాసేపటికి, "మీ మావయ్య వంగిన రోజున బాగా వాన. బురదలో చెయ్యి ఆనించి లేచాడు. ఆ చెయ్యి తుడుచుకోలేదు. నన్ను చూస్తూ నిలబడ్డాడు" అన్నారు.

నేను దుప్పటి సర్దాను.

"పిలవాల్సింది" అన్నారు.

ఎవరిని అని అడగలేదు. తర్వాత నిద్రపోయారు. మంచి నిద్ర.

అక్టోబరు 27, సోమవారం

తాగలేదు. మాట లేదు. బాగానే

అక్టోబరు 29, బుధవారం

నాన్న ఈ పొద్దున పోయారు. వెలుగు రాకముందు. నా చెయ్యి ఆయన ఛాతీ మీద ఉంది. ప్రార్థన చెబుతున్నాను. మధ్యలో కింద కదలిక ఆగింది. చివరి దాకా చెప్పాను.

సాయంత్రం

రాయాలి. రాయకపోతే రేపు అలా కాదు ఇలా అనుకున్నాము అని నాకు నేనే చెప్పుకుంటాను.

పొద్దున్నే మేడంకి ఫోన్ చేశాను. ఏడ్చింది. తర్వాత పని మాట చెప్పింది. ఐసు పెట్టి ఉంచినా రేపు మధ్యాహ్నం దాటితే హాలుకి పనికి రారు. ఆలోగా మందు ఎక్కించాలి. ఆ పని ఇప్పుడు చెయ్యగలిగేది నేనే. నాతో చేసే ఆయన రెండేళ్ల క్రితం రిటైరైతే ఆ ఉద్యోగం నింపలేదు. పక్క ఊరి కాలేజీకి కూడా మేడమే ఫోన్ చేసింది. వాళ్లు ఈ పని ఎప్పుడో మానేశారట. అక్కడ తెరలే.

మధ్యాహ్నం కమిటీ కూర్చుంది. ఐదు నిమిషాల్లో తేల్చారు. పెద్దాయన కోసం తాడు ఎత్తుదాం, ఆయన కట్టిన తాడే కదా, మనమందరం రెండు వైపులా నిలబడి పంపుదాం అన్నారు. తమ్ముడు రిజిస్ట్రారుకి ఫోన్ చేశాడు. ఆయన చాలా మర్యాదగా మాట్లాడారట. సంతాపం చెప్పారట. వ్యాను ముందు గేటు నుంచే రావచ్చు, పూలదండ కూడా మేమే వేస్తామన్నారట. మీ అక్కగారు మాత్రం సంతకం పెట్టి డ్యూటీలో చేరాలి, నిబంధన నిబంధనే కదా అన్నారట.

సాయంత్రం నలుగురమూ ముందుగదిలో కూర్చున్నాము. నాన్న లోపలి గదిలో ఉన్నారు, ఐసు మీద. తలుపు తెరిచే ఉంచాము. చెల్లి పొద్దున నాన్నను చూసి వెళ్లింది, సెలవు ఇవ్వలేదట. ఇప్పుడు ఆఫీసు నుంచి నేరుగా వచ్చింది, బ్యాగు భుజాన ఉండగానే గుమ్మంలో నిలబడిపోయింది. తమ్ముడు దాన్ని చూశాడు.

"రావే. కూర్చో" అన్నాడు.

ఆ మాటకే అది ఏడ్చింది. సమ్మె మొదలయ్యాక వాడు దానితో మాట్లాడిన మొదటి మాట అదే.

తమ్ముడు విషయం చెప్పాడు. గొంతు ఇంకా పూర్తిగా రాలేదు. అక్క సంతకం పెట్టి లోపలికి వెళ్లాలా వద్దా.

"నువ్వు సెక్రటరీవి. పెద్దాయన కూతురే సంతకం పెట్టిందంటే ఎల్లుండికి నీ టెంటులో ఎవరైనా మిగులుతారా?" అని అడిగింది మరదలు.

"మిగలరు."

"తెలిసే అడుగుతున్నావా?"

"తెలిసే" అన్నాడు. "నేను సెక్రటరీగా ఎత్తడం లేదు. కొడుకుగా ఎత్తుతున్నాను. నాన్న జన్మలో అక్కను అడిగింది ఇదొక్కటే."

మా పద్ధతిలో చిన్నవాళ్లు ముందు ఎత్తాలి. వాడు ఆగలేదు. వెళ్లాలని చెయ్యి ఎత్తేశాడు. మరదలు కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మామయ్య నా చేతి టీ ఎప్పుడూ బాగుందనలేదు. అయినా రెండోసారి అడిగి తాగేవారు" అంది. దానికీ దీనికీ సంబంధం లేదు. తనూ వెళ్లాలనే ఎత్తింది.

చెల్లి ఎత్తలేదు. బ్యాగు ఒళ్లో పెట్టుకుని దాని పట్టీ మెలిపెడుతూ కూర్చుంది.

"చెప్పవే" అన్నాను.

"రిజిస్ట్రారు గారు నాతో పని మాట తప్ప ఎప్పుడూ మాట్లాడరక్కా. పోయిన వారం నుంచి రోజూ అడుగుతున్నారు, మీ నాన్నగారికి ఎలా ఉందమ్మా అని. పాపం మంచివాడే అనుకున్నాను. బాగానే ఉన్నారండీ, మా అక్క చెప్పింది అనేదాన్ని." ఆగింది. "ఇవాళ మధ్యాహ్నం నా ముందే ఫొటోగ్రాఫర్‌కి ఫోన్ చేశారు. వ్యాను గేటు దాటేటప్పుడు ఒకటి, అక్క సంతకం పెట్టేటప్పుడు ఒకటి కావాలన్నారు."

చెల్లి బ్యాగు తీసి కింద పెట్టింది.

"ఇంకోటి కూడా ఉంది. హాలు మూసేది ఖాయం. మూశాక అందులో ఉన్నవాళ్లని ఆ కాంట్రాక్టు కంపెనీకే అప్పజెబుతారు. ఎక్కడికి తీసుకెళతారో మనకి చెప్పరు. నాన్నని కూడా అంతేగా. నువ్వు చేసి పెడతావు, వాళ్లు మోసుకుపోతారు."

వద్దని చెయ్యి ఎత్తింది. దాని చెయ్యి నిలకడగానే ఉంది.

ఇక నేను.

తెరిచిన తలుపులోంచి నాన్న పాదాలు కనిపిస్తున్నాయి. దుప్పటి సరిగా కప్పలేదు ఎవరో. ఆయన చెప్పింది రెండు రకాలు. నువ్వే చెయ్యాలి అన్నారు. మొన్న ఆదివారం పిలవాల్సింది అన్నారు. మావయ్యనే అయి ఉంటుంది. వంగినవాణ్ణి క్షమించి ఉండాల్సింది అని. అంటే నేను వంగినా ఏమీ అనుకోననా? ఆ మాట తీసుకుని వెళ్లిపోవచ్చు. వెళ్లిపోవాలనే ఉంది. ఆయన చేతులు నా చేతుల్లోకి తీసుకుని, వేళ్లు ఒక్కొక్కటీ తడిపి, గుడ్డ చుట్టాలని ఉంది. ఇన్నేళ్లూ ఎవరెవరికో చేశాను.

కానీ వాన, బురద, ఆ చెయ్యి. ఆయన అదంతా చూసి కూడా తాడు విప్పలేదు. పిలవాల్సింది అన్నారు గానీ, తాడు కట్టకుండా ఉండాల్సింది అనలేదు.

నేను కదలకుండా కూర్చున్నాను. ప్రార్థన చేసుకుంటున్నాననుకున్నారు. చేసుకోలేదు.

"వదినా" అంది మరదలు మెల్లగా. "వద్దన్నా చెయ్యి ఎత్తాలి. ఊరికే కూర్చుంటే మామయ్య ఒప్పుకునేవారు కాదు."

వద్దని ఎత్తాను.

తమ్ముడు మా చేతులు చూశాడు. లెక్కపెట్టక్కర్లేదు. అయినా వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు. "ఇద్దరు. ఇద్దరు." తర్వాత వాడి చూపు సున్నం గోడ మీదికి వెళ్లింది. "ఉన్నది ఉన్నట్టే" అన్నాడు. అని మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. వాడి వీపు మీద చెల్లి చెయ్యి వేసింది.

తేలినవి రాస్తున్నాను.

రేపు పొద్దున నాన్నను గేటు దాకా తీసుకెళతాము. తాడుకి ఇవతల దించుతాము. ముఖం లోపలి వైపు ఉండాలి, బాయిలర్ హౌసు పొగగొట్టం కనిపించేలా. టెంటువాళ్లందరూ చూస్తారు. వంగి వెళ్లినవాళ్లు వచ్చినా చూడనివ్వాలి, ఎవరూ తల తిప్పుకోకూడదు. దీనికి తమ్ముడే ముందు చెయ్యి ఎత్తాడు. మధ్యాహ్నం దాటేదాకా అక్కడే ఉంచుతాము. ఆ తర్వాత శ్మశానం. నేను నా మాట తప్పాను. అది కూడా రాసి ఉంచాలి.

రెండోది నేను అడిగాను. అత్తయ్య సంగతి. చెల్లికి లోపలికి వెళ్లడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. రోజూ వెళుతూనే ఉంది. మేమిద్దరం అక్కాచెల్లెళ్లమైనా అది ఇన్నేళ్లలో హాలు గుమ్మం తొక్కలేదు. చిన్నప్పటి నుంచి భయం. నా ఏప్రాన్ తీగ మీద ఆరేస్తే ఆ పక్కకి కూడా వచ్చేది కాదు.

"ఆమె ఎలా ఉంటుందో చెప్పలేను. ఇన్ని రోజులైంది" అన్నాను.

"నువ్వు చెప్పు, నేను చేస్తాను" అంది.

"ఆఫీసులో తెలిస్తే?" అని అడిగాడు తమ్ముడు.

"తెలుస్తుంది."

ప్రాణం లేనివాళ్లకి కూడా మినహాయింపు అని రేపు కమిటీలో రాయిస్తానన్నాడు తమ్ముడు. ముందే రాయాల్సింది అన్నాడు. నావైపు చూడలేదు. దీనికి నలుగురమూ ఎత్తాము.

అరలోంచి తాళంచెవి తీసి చెల్లి చేతిలో పెట్టాను. మందు నీళ్ల డబ్బా ఎక్కడుంటుందో చెప్పాను. తొడుగులు రెండు జతలు వేసుకోమన్నాను. లోపలికి వెళ్లగానే గుమ్మంలో కాసేపు నిలబడు, వాసన విరిగాక వెళ్లు అన్నాను. కిటికీ పక్క బల్ల. ముఖం మీద గుడ్డ తియ్యక్కర్లేదు. కాలివేళ్ల దగ్గర మొదలుపెట్టమన్నాను.